లంకలో వదిలిన కౌజులు

ఏమండోయ్ జగన్నాథరావుగారూ, కొత్త అల్లుడుగారూ, ఆ తుపాకి కాస్త గోడకి ఆనించి ఇలా వచ్చి కూర్చోండి. పొద్దున్నించీ చూస్తున్నాను, దాన్ని చంకలోంచి దించటం లేదు. మా మేనకోడలు రామతులసి మీ పక్కన కూర్చోవాలంటే ఆ గొట్టానికి అవతల కూర్చోవాల్సి వస్తోంది. కాకినాడలో కొన్నారటగా. అమ్మినవాడు ఇంకా నవ్వుతూనే ఉండి ఉంటాడు. నిన్న మా కొబ్బరితోటలో మీరు పేల్చిన పేలుడుకి రెండు బొండాలు, ఆరేసిన ఒక పంచె నేలరాలాయని విన్నాను. మీరు గురిపెట్టిన పావురం మాత్రం అదే మట్ట మీద కూర్చుని, మళ్ళీ ఎప్పుడొస్తారా అని మీకోసం ఎదురుచూస్తోంది.

కోపం వద్దు. మేనమామకి ఆ మాత్రం హక్కుంది. రేపు లంకలోకి కౌజుల వేటకి వెళతారని తెలిసింది. వెళ్ళండి, నేను వద్దనను. కాని ఆ లంకలో కౌజులు ఎలా వచ్చాయో విని వెళ్ళండి. ఎందుకంటే గోదారి లంకల్లో కౌజు పుట్టదు. అది మెట్టపిట్ట. పావురమంత ఉంటుంది, బూడిదరంగు ఒంటి మీద సన్నటి గీతలు, ఎర్రటి కాళ్ళు. ఎగరటం కన్నా పరిగెత్తటమే దానికి ఇష్టం. మగదానికి కాలి వెనక ముల్లుంటుంది. ఇంకో మగదాన్ని చూస్తే ఆ ముల్లు ఎక్కడ దించుదామా అన్నదే దాని ఆలోచన. అలాంటి పిట్టని నీళ్ళ మధ్య ఇసక మీదికి తెచ్చింది మనుషులే. వాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఇప్పుడు నా ఎడమ తొడ మీద చెయ్యి పెట్టి చూడండి. తగిలాయా? నాలుగు సీసపు గుళ్ళు. అవి నాకు ఇచ్చినవాళ్ళు మీలాంటి పెద్దమనుషులే, మీకన్నా కాస్త గురి ఉన్నవాళ్ళు.

ఆనకట్ట కట్టిన ముప్పై ఏళ్ళకి జరిగిన మాట ఇది. నాకప్పుడు ఇరవై ఎనిమిది. వీధిబడిలో గుణింతాల దాకా వచ్చి, నిద్రపోతున్న పంతులుగారి పిలకని గుంజకి కట్టేసి బయటపడ్డవాణ్ణి. అందుకని పడవ నేర్చుకున్నాను. నరసాపురానికి ఎగువన పల్లంరాజుగారని పెద్ద భూస్వామి ఉండేవారు. వారి పడవ నేను నడిపేవాణ్ణి. గట్టు మీద వారికి మాగాణి ఎంతుందో వారికే తెలియదు. నది మధ్య లంక మొత్తం వారిదే. పందెం కోళ్ళంటే ప్రాణం. పెళ్ళాం పిల్లల పేర్లు తడబడేవారు గాని, ముప్పై కోళ్ళ పేర్లూ వాటి తాతల పేర్లూ కంఠతా వచ్చు.

ఆయన ఒకసారి చెన్నపట్నం వెళ్ళి వచ్చారు. అక్కడెవరో దొర తన సొంత తోటలో పిట్టల్ని వందల లెక్కన పెంచి, ఒక రోజు చూసి వదిలి, పిలిచిన పెద్దమనుషులచేత కాల్పించటం చూశారట. పిట్ట గాల్లోకి లేవాలి, తుపాకి పేలాలి, పిట్ట పడాలి. నేల మీదున్నదాన్ని కాలిస్తే అక్కడ పరువు తక్కువట. తిరిగొచ్చిన దగ్గర్నించీ ఆయనకి అదే ధ్యాస. తన లంకలోనూ అలాంటి వేట పెట్టాలి, భీమవరం వైపు చుట్టాలందరూ నోరెళ్ళబెట్టాలి.

దానికోసం అన్నవరం కొండల పక్క మెట్టలోంచి బుల్లియ్య అనే పిట్టలవాణ్ణి రప్పించారు. నలభై ఏళ్ళుంటాయి. సన్నగా, నల్లగా, ఎండిన తాటిమట్టలా ఉండేవాడు. పెద్దగా మాట్లాడగా ఎవరూ వినలేదు. కొండపక్క పొదల్లో కౌజు గుడ్లు ఏరి, ఊక పోసిన గంపల్లో తెచ్చి, పొదిగే కోడిపెట్టల కింద పెట్టాడు. పిల్లలు బయటికొచ్చాక చెదపుట్టలు తవ్వి, ఆ మట్టిగడ్డలు నేలకేసి కొట్టి చెదల్ని మేపాడు. ఏడాది తిరిగేసరికి లంక మధ్యలో రెల్లు దడుల వెనక నాలుగొందల కౌజులు తయారయ్యాయి. బుల్లియ్య పళ్ళెం మీద వేలితో తడితే చాలు, అన్నీ వాడి పాదాల దగ్గరికి పరిగెత్తుకొచ్చేవి.

ఇక్కడే పల్లంరాజుగారి కోళ్ళ పాండిత్యం అడ్డం వచ్చింది. వేటకి మూడు నెలల ముందు పిట్టలకి పందెం మేత పెట్టమన్నారు. చోళ్ళు, కోడిగుడ్డు, సన్నగా తరిగిన వేటమాంసం, నానబెట్టిన బాదంపప్పు. బలం పడితే పైకి లేస్తాయి అన్నది ఆయన సిద్ధాంతం. అది కోడి కాదండి, పిట్టండి, ఇలా మేపితే ఎగరటం మరిచిపోయి పోట్లాడుకు చస్తాయండి అని బుల్లియ్య చేతులు కట్టుకుని చెప్పాడు. రాజుగారు వాణ్ణి జాలిగా చూసి, "రెక్కలున్నవన్నీ ఒకటేరా, పెట్టు" అన్నారు.

పెట్టాడు. నెల తిరక్కుండానే మగపిట్టల మెడలు ఉబ్బాయి, కళ్ళు ఎర్రబడ్డాయి. ఒక తెల్లవారి నేను బాదంపప్పు మూటతో వెళ్ళేసరికి దడి లోపల నేల కనిపించలేదు. ఈకలు, రక్తం, వాటి మీద ఈగలు. ముప్పై పైన చచ్చి పడున్నాయి. చావనివాటికి కళ్ళు లేవు. ఒకదానికి పొట్ట చీలి పేగు మట్టిలో ఈడుస్తోంది, అయినా ఇంకోదాని వీపెక్కి మెడ పొడుస్తూనే ఉంది. బుల్లియ్య మధ్యలో గొంతుక్కూర్చుని, బతకనివాటిని ఒక్కొక్కటీ తీసుకుని మెడ విరిచి గంపలో వేస్తున్నాడు. ఆ చిటుక్కు చిటుక్కు చప్పుడు తప్ప వాడి దగ్గర్నించి ఇంకే చప్పుడూ లేదు. రాజుగారు వచ్చి చూసి, పౌరుషం అంటే అదీ అని సంతోషించి, బాదంపప్పు ఇంకాస్త పెంచమన్నారు.

లంక మీద అజమాయిషీ జీవరాజుది. పల్లంరాజుగారికి పినతండ్రి కొడుకు. ఎత్తుగా, అందంగా ఉండేవాడు, ఎప్పుడూ చిరునవ్వే. నడుముకి కొబ్బరిబొండాలు కొట్టే కత్తి వేలాడేది. బొండాలు కొట్టగా నేను చూడలేదు. దడులు కట్టిన రోజునే చాటింపు వేయించాడు: లంక మీద అడుగుపెట్టినా, పిట్ట జోలికొచ్చినా ఊరుకునేది లేదని. అంతకుముందు ఆ ఇసక మీద వలలు ఆరేసుకునే చేపలవాళ్ళు అవతలి గట్టుకి పోయారు.

వాళ్ళలో గంగయ్య ఒకడు. మేత మార్చకముందు, నీటిపాయ సన్నబడ్డ ఎండాకాలంలో కౌజు ఒకటి ఎలాగో అవతలికి పోయి, వాడు ఆరేసిన వలలో చిక్కుకుంది. వాడి భార్య పెద్దింట్లమ్మ దాన్ని వండింది. ఆ సాయంత్రం పిట్టల్ని చూసుకుంటూ బుల్లియ్య, తన పని తాను చేసే మనిషి కాబట్టి, ఒకటి తగ్గిందండి అని జీవరాజుతో అన్నాడు. అంతే అన్నాడు.

మర్నాడు పొద్దున్నే జీవరాజు నా పడవెక్కి అవతలికి తీసుకెళ్ళమన్నాడు. గంగయ్య పొయ్యి పక్కన ఈకలు కనిపించాయి. వాణ్ణి జుట్టుపట్టి పడవ దగ్గరికి ఈడ్చుకొచ్చి, కుడిచెయ్యి పడవ అంచు మీద పెట్టమన్నాడు. నేను గెడ పట్టుకుని నిలబడ్డాను. కత్తి ఒక్కసారే లేచింది. బొటనవేలు చెక్క మీద ఎగిరి నా పాదం పక్కన పడింది. గంగయ్య చేతిని పొట్టలోకి ముడుచుకుని మోకాళ్ళ మీద నీళ్ళలో కూలబడ్డాడు. ఆ నీళ్ళు ఎర్రగా నా పడవ చుట్టూ తిరిగాయి. జీవరాజు వాడి పైగుడ్డతోనే కత్తి తుడిచి, వేలిని కాలితో నదిలోకి తోశాడు.

"చేపలు నిన్ను ఇంతకాలం మేపాయి కదరా. ఇవాళ నువ్వు మేపు," అన్నాడు నవ్వుతూ.

బొటనవేలు లేనివాడు వల విసరలేడు. అప్పట్నించీ పెద్దింట్లమ్మే నడుం దాకా నీళ్ళలో దిగి వల విసిరేది, గంగయ్య గట్టు మీద కూర్చుని చూసేవాడు. లంక ఇవతలి ఒడ్డు నుంచి బుల్లియ్య కూడా చూసేవాడు. వాడు ఆ సంగతి నాతో ఎప్పుడూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. నేను అలాంటివి గుర్తు చేసుకునే మనిషిని కాదు కదా. పడవ కట్టేసి వాడి గుడిసెకి వెళ్ళి, వాడి నెత్తిన ఏదో ఒక వేళాకోళం రుద్దేవాణ్ణి. పొదిగే పెట్ట కింద గుడ్లు తీసి కప్పల్ని పెట్టాను. వాడి చుట్టలో మిరపగింజలు పెట్టాను. పల్లంరాజుగారు పిలుస్తున్నారని మధ్యాహ్నపు ఎండలో రెండుసార్లు గట్టు దాటించాను. వాడు తిట్టేవాడు కాదు. చేపల పులుసుతో అన్నం పెట్టి, "తినండి సత్తియ్యగారు, మీరు ఊరుకోరు కదండీ," అనేవాడు. అంత అమాయకుణ్ణి ఆటపట్టించటం కాస్త పాపమేననిపించేది. అయినా మానలేదు.

మాఘమాసంలో వేట ఖాయమైంది. భీమవరం వైపు నుంచి నలుగురు రాజులు, కాకినాడలో ఓడల వ్యాపారం చేసే ఒక తెల్లదొర, మొత్తం అయిదు తుపాకులు. ముందు వారం పల్లంరాజుగారు లంకలోకి వచ్చి, దొర ముందు తన పరువు నిలవాలంటే కనీసం నూరు పిట్టలు గాల్లోకి లేవాలన్నారు. బుల్లియ్య నిజం చెప్పాడు. మేత మార్చిన దగ్గర్నించీ ఇవి ఎగరటం లేదండి, వదిలితే పదో పన్నెండో లేస్తాయి, మిగతావి పరిగెత్తుతాయి, లేకపోతే పోట్లాడుకుంటాయి అన్నాడు. రాజుగారి ముఖం మాడింది. అప్పుడు జీవరాజు ముందుకొచ్చి బుల్లియ్య కుడిచెయ్యి తన చేతిలోకి తీసుకుని, పసిబిడ్డ చేతిని పట్టుకున్నట్టు బొటనవేలిని నిమిరాడు.

"నూరు లేవకపోతే ఇది గంగయ్యగాడి వేలు దగ్గరికి పోతుంది. సాయంత్రం దాకా కూడా ఆగను."

పల్లంరాజుగారు కాదనలేదు. ఎటో చూశారు.

వేలు పోతే పిట్టలవాడికి ఏముంది? ఉచ్చు ముడి వెయ్యలేడు, గుడ్డు పట్టలేడు. ఆ రోజు అన్నం దగ్గర, ఏదో ఒకటి చెయ్యాలి అన్నాను. ఏం చేస్తామండి, నా రాత అన్నాడు బుల్లియ్య. వచ్చే రాజులు ఎలా కాలుస్తారండి అని అడిగాడు. వాళ్ళని ఏటా పడవ దాటించేవాణ్ణి కాబట్టి నాకు తెలుసు. నవ్వుకుంటూ చెప్పాను: పొద్దున్నే సీసా ఎత్తుతారు, ఆపైన పొద కదిలితే చాలు, అందులో పంది ఉందో పెదనాన్న ఉన్నాడో చూడరు, రెండు గొట్టాలూ ఖాళీ చేస్తారు, కిందటేడు వాళ్ళలో ఒకాయన తన దూడనే కాల్చుకున్నాడు అని. అలాగా అండి అని బుల్లియ్య నాకింకొంచెం పులుసు వేశాడు.

తరవాత గొంతు తగ్గించి ఒక సంగతి చెప్పాడు. ఎవరితోనూ అనొద్దని ఒట్టు వేయించుకున్నాడు. వాడి గుడిసెలో మూలన నల్లగుడ్డ కప్పిన పంజరం ఒకటుంది. అందులో ముసలి మగకౌజు. దాన్ని దీమం పిట్ట అంటారు, అడవిపిట్టల్ని రప్పించటానికి పిట్టలవాళ్ళు పెంచుకునేది. గుడ్డ తీస్తే చాలు, అరుస్తుంది. ఆ అరుపు విన్న ప్రతి మగపిట్టా, నా చోటులో ఎవడురా అని పరిగెత్తుకొస్తుంది. మామూలు పిట్టలే ఆగవు, బాదంపప్పు తిన్న పిట్టలు అసలు ఆగవు.

"వేటనాడు ఇది బయటికి రాకూడదండి," అన్నాడు బుల్లియ్య. "ముఖ్యంగా జీవరాజుగారు కూచునే చోటికి అస్సలు పోకూడదండి."

ఎక్కడ కూచుంటాడేంటి అని అడిగాను.

తూర్పున నీటి అంచుని రెల్లు దుబ్బు ఒకటుంది కదండీ, అందులో అన్నాడు. గాయపడ్డ పిట్టలు నీటి వైపు పడితే ఎత్తుకుపోవటానికి చేపలవాళ్ళు వస్తారని, వాళ్ళని పట్టుకోవాలని, జీవరాజు కత్తి పట్టుకుని అందులో దాక్కుంటాడట. సంగతి పొక్కుతుందని వేటకొచ్చేవాళ్ళకి కూడా చెప్పటం లేదట. తనకి చెప్పింది కూడా గంపలు ఆ వైపు తెరవొద్దనటానికేనట.

"మీరు మాత్రం అటువైపు పోకండి సత్తియ్యగారు," అని రెండుసార్లు చెప్పాడు.

అల్లుడుగారూ, మీరు నవ్వుతున్నారు. నవ్వండి. ఆ రాత్రే నాకు బంగారంలాంటి ఆలోచన వచ్చింది. దీమం పిట్టని తీసుకెళ్ళి ఆ రెల్లు దుబ్బు వెనక పెడితే? పిట్టలన్నీ అక్కడికి పరిగెత్తుతాయి. జీవరాజు కాళ్ళ చుట్టూ, ఒంటి మీద, పంచెలోకి దూరి పోట్లాడుకుంటాయి. వాడు బూతులు తిట్టుకుంటూ, పంచె దులుపుకుంటూ దొర ముందు బయటికి గెంతుతాడు. అందరూ నవ్వుతారు. పిట్టలు ఎందుకు ఎగరలేదయ్యా అంటే, జీవరాజు చెప్పకుండా మధ్యలో దూరి వేట పాడుచేశాడంటారు. తప్పు వాడి మీదికి పోతుంది, బుల్లియ్య వేలు బుల్లియ్యకి మిగులుతుంది. పాపం, ఆ అమాయకుడికి చెబితే భయపడతాడని వాడికి కూడా చెప్పలేదు.

వేటనాడు పొద్దెక్కేసరికి రాజులు ముక్కాలు సీసా దించి ఉన్నారు. దొర ఒక్కడే తిన్నగా నిలబడ్డాడు. డప్పులవాళ్ళు పడమర నుంచి వరసగా నిలిచారు. బుల్లియ్య గంపల దగ్గర ఉన్నాడు. నేను వాడు చూడకుండా గుడిసెలోంచి తెచ్చిన పంజరం గడ్డిమోపులో పెట్టుకుని, దాహానికి బొండాలు తెస్తానని చెప్పి నీటి అంచు వెంబడి వెళ్ళాను. దుబ్బులోకి తొంగి చూస్తే జీవరాజు వీపు కనిపించింది. తలకి ఆకుపచ్చ గుడ్డ చుట్టుకుని, కత్తి ఒళ్ళో పెట్టుకుని, అవతలి గట్టునే చూస్తున్నాడు. పంజరం వాడికి రెండు బారల వెనక రెల్లులో దాచాను. గుడ్డ మాత్రం తియ్యలేదు, దానికి దారం కట్టి పట్టుకుని దూరంగా పాక్కుంటూ వచ్చి ఇసక గుంటలో పడుకున్నాను.

గంపలు తెరిచారు. పిట్టలు బయటికొచ్చి, తల వంచి, ఎక్కడున్నామా అని చూశాయి. డప్పులు మోగాయి. ఒక పద్నాలుగు పిట్టలు లేచాయి. తుపాకులు పేలాయి. మూడు పడ్డాయి, ఒకటి రెక్క ఊడి గిరగిరా తిరుగుతూ పడింది. మిగతావి లేవలేదు. ఒకదాని ముఖం ఒకటి చూసుకుని అక్కడే మొదలుపెట్టాయి. పల్లంరాజుగారు బుల్లియ్య వైపు తిరిగారు. నేను దారం లాగాను.

దీమం పిట్ట అరిచింది. ఇనపరేకు మీద మేకుతో గబగబా మూడుసార్లు కొట్టినట్టుంటుంది ఆ అరుపు. మూడొందల తలలు ఒక్కసారి అటు తిరిగాయి. ఆపైన వచ్చాయండి. నేల కదిలి వస్తున్నట్టు వచ్చాయి. డప్పులవాళ్ళ కాళ్ళ మధ్య నుంచి, రాజుల చెప్పుల మీద నుంచి, దారిలో ఒకదాన్నొకటి పొడుచుకుంటూ, పడినదాన్ని తొక్కుకుంటూ రెల్లు దుబ్బులోకి దూరాయి. దుబ్బు మొత్తం ఊగిపోయింది. ఇప్పుడు గెంతుతాడు చూడు అని నేను నోట్లో గుడ్డ కుక్కుకున్నాను.

జీవరాజు గెంతలేదు. ఆ ఒక్క సంగతీ నేను లెక్కలో వేసుకోలేదు. దాక్కున్నవాడు దొర ముందు బయటపడటం నామర్దా అనుకున్నాడో ఏమో, లోపలే కూర్చుని చప్పుడు కాకుండా వాటిని తోలటం మొదలుపెట్టాడు. వాడు చెయ్యి విసిరినకొద్దీ రెల్లు ఇంకా ఊగింది.

"అదుగో, అందులో," అన్నాడు ఒక రాజు.

దొర చెయ్యెత్తి తన భాషలో ఏదో కేకేశాడు. నేల మీద కాల్చకూడదని కావచ్చు. అది అర్థమైనవాడు అక్కడ లేడు. నాలుగు తుపాకులు ఒక్కసారి పేలాయి. రెల్లు కొడవలితో కోసినట్టు తెగింది. నా తొడలో నిప్పులు పోసినట్టయింది. పొగలోంచి జీవరాజు లేచి నిలబడ్డాడు. ఎడమకన్ను ఉండాల్సిన చోట గుంట ఉంది. కింది దవడ ఒక పక్కకి వేలాడుతోంది, నాలుక కనిపిస్తోంది. చేతిలో కత్తి మాత్రం వదల్లేదు. ఏదో అనబోయాడు. రక్తం తప్ప మాట రాలేదు. కత్తి పట్టుకుని పొగలోంచి నడిచొస్తున్న ఆ రూపం చూసి ఒక రాజుకి మతిపోయి రెండో గొట్టం కూడా పేల్చాడు. అది పొట్టలో తగిలింది.

నాలుగడుగులు వేసి వెల్లకిలా పడ్డాడు. పిట్టలకి మనిషితో ఏం పని? గుళ్ళు తగిలినవి, రెక్కలు తెగినవి, కళ్ళు పోయినవి, అవన్నీ ఇంకా పోట్లాడుతూనే ఉన్నాయి. రెండు మగపిట్టలు వాడి గుండె మీదికెక్కి, రక్తంలో జారుతూ, ఒకదాని మెడ ఒకటి చీల్చుకున్నాయి. వాడి ఊపిరికి అవి పైకీ కిందికీ ఊగాయి. కాసేపటికి ఊగటం ఆగింది. అవి మాత్రం ఆగలేదు.

నేను ఆగలేదు. కుంటుకుంటూ పడవలో పడి, ప్రవాహానికి వదిలేసి, పాయలూ కాలవలూ పట్టుకుని యానాం చేరాను. అక్కడ ఫ్రెంచివాళ్ళ రాజ్యం కదా, ఇవతలి పోలీసులు అడుగుపెట్టరు. చిన్నకత్తి కాల్చి ఒక ముసల్ది గుళ్ళు తీసింది, నాలుగు మాత్రం లోపలికి పోయి దొరకలేదు. మూడేళ్ళు అక్కడ పడవలకి తారు పూస్తూ బతికాను. ఖాకీబట్ట కనిపిస్తే పడవ చాటుకి పోయేవాణ్ణి. ఎవరితోనూ నవ్వలేదు, ఎవరి చుట్టలోనూ మిరపగింజ పెట్టలేదు. నేను సరదాకి చేసిన పని ఒక మనిషిని చంపింది. వాడు మంచివాడు కాకపోవచ్చు, అయినా ఆ వేలాడే దవడ కళ్ళ ముందు నుంచి పోయేది కాదు. అంతకన్నా బాధ బుల్లియ్య సంగతి. దీమం పిట్ట వాడిది. పంజరం దొరికితే ఎవరి మెడకి చుట్టుకుంటుంది? నమ్మి చెప్పినవాణ్ణి ముంచేశాను. వేలు కాపాడబోయి తలే తీయించానేమో.

నాలుగో ఏడు ఉండబట్టలేక వచ్చేశాను. ఏదైతే అదయిందని ముందు లంకకే వెళ్ళాను. అక్కడ బుల్లియ్య దర్జాగా గుడిసె ముందు కూర్చుని ఉచ్చు ముడి వేస్తున్నాడు, పదివేళ్ళతో. నన్ను చూసి ఆశ్చర్యపడలేదు. లోపలికెళ్ళి అన్నం పెట్టుకొచ్చాడు.

సంగతులన్నీ తీరిగ్గా చెప్పాడు. చుట్టాల పరువు పోతుందని పల్లంరాజుగారు ఆ రోజే జీవరాజుని పాము కరిచిందని చెప్పించి, పొద్దుగూకేలోగా దహనం చేయించారట. ముఖానికి గుడ్డ కట్టి తీసుకెళ్ళారట. పోలీసులు రానేలేదు. వేటల మీద విరక్తి పుట్టి, మిగిలిన పిట్టలన్నింటినీ లంకలో వదిలెయ్యమన్నారట. చేపలవాళ్ళు మళ్ళీ ఇవతలి ఇసక మీదే వలలు ఆరేసుకుంటున్నారు. నాకోసం వెతికినవాడు ఒక్కడూ లేడు, పడవ పోయిందని మాత్రం రెండు రోజులు తిట్టుకున్నారట. నేను మూడేళ్ళు దాచింది ఎవరూ వెతకని మనిషిని.

నాకు ఏడుపు ఆగలేదు. ముద్ద చేతిలో పెట్టుకునే జరిగిందంతా చెప్పేశాను. దీమం పిట్టని దొంగిలించింది నేనే, దుబ్బు వెనక పెట్టింది నేనే, నువ్వు వద్దు వద్దని రెండుసార్లు చెప్పినా వినలేదు, నన్ను క్షమించు అన్నాను. వాడు నా పళ్ళెంలో పులుసు వేస్తూ విన్నాడు.

"మరి ఆ పంజరం ఎవరూ చూడలేదా బుల్లియ్యా?"

"ఎలా చూస్తారండి. పొగ తగ్గక ముందే తీసేశాను కదండీ."

నాకు వెంటనే తలకెక్కలేదు. గంపల దగ్గర ఉండాల్సినవాడివి అక్కడికెలా వచ్చావు అన్నాను.

"ఏడాదిపాటు నాలుగొందల నోళ్ళకి మేత పెట్టానండి," అన్నాడు బుల్లియ్య, ఉచ్చు మళ్ళీ చేతిలోకి తీసుకుంటూ. "ఒక్కటీ చెప్పినమాట వినలేదండి. నేననుకున్న చోటికి, అనుకున్న పూటకి తప్పకుండా వెళ్ళింది మీరొక్కరేనండి."